మరక పోయిందా, రాయి పోయిందా?

వానలు వెనకపట్టాయి. దసరా దగ్గరపడింది. గోదావరిఖనిలో ఒక కాలనీ ఉందనుకోండి. కాలనీ సంక్షేమ సంఘంవారు ఇంటింటికీ ఒక కాగితం పంచారు. "పండుగలోపల అందరూ తమ ఇంటి ముందుభాగం శుభ్రం చేయించుకోవాలి. మరకలు పడిన గోడలవల్ల కాలనీ అందం చెడుతున్నది" అని అందులో ఉంది.

ఆ వీధిలో ఒక ఇల్లు. ముందు గోడకు కిందినుంచి పైదాకా షాబాదు బండలు తాపడం చేశారు. కట్టిన కొత్తలో అవి నీలం కలిసిన బూడిదరంగులో నున్నగా మెరిసేవి. పదేళ్ళు తిరిగేసరికి సజ్జ కింద నల్లటి అట్ట కట్టింది. కిటికీ ఊచల కింద ఎర్రటి చారలు దిగాయి. నేలకు దగ్గరగా తెల్లటి పొడి పొంగింది.

ఇంటాయన కాగితం చదివి, బజారుకు వెళ్ళి రెండు సీసాల యాసిడ్ తెచ్చాడు. మరుగుదొడ్లు కడగడానికి వాడే యాసిడే! సీసా మూత తీయబోతుండగా అరుగుమీద కూర్చున్న తాత కేకవేశాడు. ఆయన బొగ్గుగనిలో పనిచేసి రిటైరైనవాడు.

"ఆగు కొడుకా! అదేం మరకనో చూసినవా? అదేం రాయో చూసినవా?"

"మరకలన్నీ పోతయట బాపూ! దుకాణపాయన చెప్పిండు."

"గనిల పైకప్పును కట్టెతోని తట్టి చూడంది మేం ఒక్క అడుగు ముందుకు పెట్టకపోదుము. రాయిని అడగంది రాయి జోలికి పోవద్దు."

తాత మాట నిజమే. భూమిలోపల పనిచేసే గని కార్మికులు తలపైనున్న రాతిపొరను తట్టి, చప్పుడు వింటారు. ఖంగుమంటే గట్టి రాయి. డొల్లగా మోగితే పొర విడిపోయి ఉందన్నమాట. ఏ క్షణంలోనైనా కూలవచ్చు. ముందు పరీక్ష, తర్వాతే పని. ఇంటిగోడ దగ్గర కూడా సూత్రం అదే. తాత అడిగిన రెండు ప్రశ్నలూ రసాయనశాస్త్రం అడిగే ప్రశ్నలే. వాటికి జవాబులు వెతుకుదామా?

నల్లనివన్నీ బొగ్గేనా?

నల్లనివన్నీ నీళ్ళనీ, తెల్లనివన్నీ పాలనీ నమ్మే అమాయకుల గురించి మన పెద్దలు చెబుతుంటారు. బొగ్గు ఊళ్ళలో గోడమీది నల్లటి మరకలన్నీ బొగ్గే అనుకోవడం అలాంటిదే. అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. సింగరేణి ప్రాంతంలో బొగ్గు తవ్వకం 1889లో ఇల్లందు దగ్గర మొదలైంది. తర్వాత గోదావరి లోయ వెంబడి ఉత్తరానికి వ్యాపించింది. గోదావరిఖని గనుల చుట్టూ పెరిగిన ఊరు. పేరులోనే గని ఉంది. పక్కనే రామగుండంలో ఎన్.టి.పి.సి. వారి పెద్ద థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అందులో మొదటి యూనిట్ 1983లో పనిచేయడం మొదలుపెట్టింది. తర్వాత దాని సామర్థ్యం 2600 మెగావాట్లకు పెరిగింది. ఓపెన్ కాస్ట్ గనులు, బొగ్గు లారీలు, రైలు వ్యాగన్లు, చిమ్నీలు ఇన్ని ఉన్నచోట గోడలమీద ధూళి పడకుండా ఎలా ఉంటుంది?

అయితే ఆ ధూళిలో ఒకటి కాదు, చాలా రకాలున్నాయి. ఒక్కొక్కదానిదీ ఒక్కొక్క స్వభావం.

మొదటిది బొగ్గుపొడి. బొగ్గులో ముఖ్యభాగం కార్బన్. అది నీటిలో కరగదు. ఇంట్లో వాడే యాసిడ్‌లో కరగదు. సోడా నీళ్ళలోనూ కరగదు. అంటే బొగ్గుపొడిని కరిగించే ద్రవం మన ఇళ్ళలో లేదు. దాన్ని రాతిమీదనుంచి లేపి, నీళ్ళతో పంపేయడం ఒక్కటే మార్గం. పొయ్యిల పొగలోనూ, లారీల పొగలోనూ వచ్చే మసి ఇంకాస్త మొండిది. దానితోపాటు జిడ్డు ఉంటుంది. అందుకే మామూలు నీటికి లొంగదు, సబ్బుకు లొంగుతుంది. సబ్బు అణువు పొడుగ్గా ఉంటుంది. దాని ఒక కొసకు నీరంటే ఇష్టం, రెండో కొసకు జిడ్డంటే ఇష్టం. జిడ్డు కొసలు మసి చుట్టూ మూగుతాయి; నీటి కొసలు దాన్ని నీటిలోకి లాగుతాయి. ఇందులో రాయికి ఏ హానీ లేదు.

రెండోది బూడిద. మన బొగ్గులో బూడిద ఎక్కువ. నూరు టన్నులు కాలిస్తే ముప్పై నలభై టన్నుల బూడిద మిగలడం మామూలే. చిమ్నీలోకి పోయే పొగలోనుంచి విద్యుత్ యంత్రాలు ఈ బూడిదను చాలావరకు పట్టేస్తాయి. ఎలాగంటారా? దువ్వెనతో తల దువ్వి కాగితపు ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి వచ్చి అంటుకుంటాయి కదూ? అలాగే బూడిద రేణువులకు విద్యుదావేశం ఇచ్చి లోహపు పలకలకు అంటుకునేలా చేస్తారు. అయినా కాస్త తప్పించుకుంటుంది. ఎండిన బూడిద గాలికి కూడా లేస్తుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఈ రేణువులు చాలావరకు గుండ్రటి గాజుపూసల్లా ఉంటాయి. మంచు, వానజల్లు తగిలినప్పుడు ఇవి గోడమీద బూడిదరంగు పొరలా పేరుకుంటాయి.

మూడోది విని ఆశ్చర్యపోతారు. ఎన్నో గోడలమీద, ముఖ్యంగా ట్యాంకు పొర్లి నీళ్ళు కారేచోట, ఎండ తగలని వైపున కనిపించే నల్లచారలు బొగ్గు కానేకాదు. అవి ప్రాణమున్నవి! నాచు జాతికి చెందిన అతి చిన్న జీవులు. వానాకాలంలో ఆకుపచ్చగా, జారుడుగా ఉంటాయి. ఎండాకాలంలో ఎండిపోయి నల్లగా మారతాయి. చచ్చాయనుకుంటాం, తొలకరి పడగానే మళ్ళీ లేచి కూర్చుంటాయి. గుర్తుపట్టడం సులువు. చారమీద కాస్త నీళ్ళు చల్లి, కొంతసేపు ఆగి, తెల్లటి గుడ్డతో తుడవండి. గుడ్డకు నల్లటి మసి అంటితే అది ధూళి. పచ్చగా, జిగటగా అంటితే అది పాచి.

సజ్జ కింద ఏం జరుగుతోంది?

నాలుగో మరక అసలైన తంటా. సున్నపురాతి గోడలను గమనించండి. వాన నేరుగా తగిలేచోట రాయి శుభ్రంగా ఉంటుంది. సజ్జ కింద, అంచుల కింద, వాన తగలనిచోట నల్లటి అట్ట కడుతుంది. ఎందుకని?

బొగ్గులో కొంచెం గంధకం ఉంటుంది. మన గోండ్వానా బొగ్గులో అది తక్కువే. నూటికి అర భాగం అనుకోండి. కాని లెక్క వేసి చూడండి. నూరు టన్నుల బొగ్గులో అర టన్ను గంధకం. అది కాలినప్పుడు దాదాపు తన బరువంత ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది. అంటే ఒక టన్ను సల్ఫర్ డై ఆక్సైడ్ అవుతుంది. ఈ వాయువు గాలిలోని ఆక్సిజన్‌తోనూ, తేమతోనూ కలిసి చివరికి సల్ఫ్యూరికామ్లంగా మారుతుంది. అది సున్నపురాతిని తాకితే, రాతి పైపొర జిప్సంగా మారుతుంది. బడిలో వాడే సుద్దముక్కల్లో చాలావాటిని చేసేది ఈ జిప్సంతోనే.

వాన తగిలేచోట జిప్సం కరిగి కొట్టుకుపోతుంది. సజ్జ కింద పోదు. మెల్లగా పెరుగుతూ, వచ్చిన మసినీ బూడిదనూ తనలో బంధించుకుంటూ పోతుంది. అదే ఆ నల్లటి అట్ట. అంటే ఇక్కడ మరక రాతిమీద పడింది మాత్రమే కాదు. రాయే కొంత మరకగా మారిందన్నమాట.

ఇక ఎర్రటి చారలు ఇనుప ఊచల తుప్పు. తెల్లటి పొడి ఉప్పు: నేలలోని, సిమెంటులోని లవణాలు తేమతో పైకి ఎక్కి, నీరు ఆవిరైపోగానే రాతిమీద మిగిలిపోతాయి. చౌడు పొంగడం అంటామే, అదే ఇది.

ఒకే గోడమీద ఇన్ని రకాల మరకలు. అన్నింటికీ ఒకే సీసా మందు పనిచేస్తుందా?

రాయి ఏ జాతిది?

ఇప్పుడు తాతగారి రెండో ప్రశ్న. రాళ్ళన్నీ ఒకటి కావు. మన ఇళ్ళలో ముఖ్యంగా మూడు జాతులు కనిపిస్తాయి.

ఒకటి సున్నపురాయి. షాబాదు బండ, తాండూరు బండ, బేతంచెర్ల బండ, కడప నల్లబండ రంగులు వేరైనా అన్నీ ఈ జాతివే. వీటిలో ముఖ్యమైనది కాల్షియం కార్బనేట్. ఏభై కోట్ల సంవత్సరాలకన్నా ముందు సముద్రాల అడుగున పేరుకున్న బురద గట్టిపడి ఈ బండలైంది.

రెండోది ఇసుకరాయి. సింగరేణి బొగ్గుపొరల పైనా కిందా ఉండేది ఎక్కువగా ఇదే. ఇసుక రేణువులను ఏదో ఒక పదార్థం జిగురులా అంటించి ఉంచుతుంది. ఆ జిగురు కొన్నిచోట్ల సిలికా, కొన్నిచోట్ల బంకమన్ను, కొన్నిచోట్ల ఇనుప ఆక్సైడు, కొన్నిచోట్ల సున్నం.

మూడోది గ్రానైటు. కరీంనగర్ ప్రాంతపు గ్రానైటు విదేశాలకు కూడా ఎగుమతి అవుతుంది. ఇది భూమిలోపల కరిగిన శిల మెల్లగా చల్లారి ఏర్పడింది.

వీటిని గుర్తుపట్టడానికి మూడు చిన్న పరీక్షలున్నాయి. గోడమీద కాదు, ఎక్కడైనా పడి ఉన్న రాతిముక్కమీద చేయండి.

ఇనుప మేకుతో గీయండి. సున్నపురాతిమీద తెల్లటి గీత పడుతుంది. గ్రానైటుమీద రాయి గీరుకోదు. మేకే అరిగి, దాని ఇనుము చారగా అంటుకుంటుంది.

నీటిచుక్క వేయండి. ఇసుకరాయి సాధారణంగా దాన్ని తొందరగా పీల్చేసుకుంటుంది. నున్నటి గ్రానైటుమీద చుక్క చుక్కలాగే నిలుస్తుంది.

రాతిపొడిమీద రెండు చుక్కల నిమ్మరసం వేయండి. సన్నటి బుడగలు లేచాయా? అయితే అందులో కాల్షియం కార్బనేట్ ఉంది. ఆ బుడగల్లో ఉన్నది కార్బన్ డై ఆక్సైడ్ వాయువు.

ఈ చివరి పరీక్షలో అసలు రహస్యమంతా ఉంది. ఒక్క నిమ్మచుక్కకే పొంగే రాతిమీద సీసాడు యాసిడ్ పోస్తే ఏమవుతుంది?

పెంకు చెప్పిన సాక్ష్యం

ఇంట్లోనే ఒక ప్రయోగం చేసి చూడండి. యాసిడ్ అక్కర్లేదు. కావలసినవి రెండు కోడిగుడ్డు పెంకు ముక్కలు, కాస్త బొగ్గుపొడి, వంటింట్లోని వెనిగర్, సబ్బునీళ్ళు, పాత పళ్ళబ్రష్షు. గుడ్డు పెంకులో ఉన్నదీ కాల్షియం కార్బనేటే. కనుక అది మన షాబాదు బండకు చిన్న చెల్లెలనుకోండి.

రెండు పెంకులకూ బొగ్గుపొడి బాగా రుద్దండి. ఒకదాన్ని వెనిగర్‌లో వేయండి. రెండోదాన్ని సబ్బునీళ్ళలో కాసేపు నానబెట్టి, బ్రష్షుతో మెల్లగా తోమండి.

వెనిగర్‌లోని పెంకుకు వెంటనే బుడగలు పడతాయి. బొగ్గుపొడి ఊడి తేలడం మొదలవుతుంది. "ఆహా, మరక పోతోంది!" అనిపిస్తుంది. తొందరపడకండి. మర్నాటిదాకా ఉంచి చూడండి. పెంకు పలచబడి, మెత్తబడి ఉంటుంది. ఇంకా ఉంచితే లోపలి సన్నటి పొర మాత్రమే మిగులుతుంది. అడుగున ఉన్న నల్లపొడిని చూడండి. బొగ్గు బొగ్గులాగే ఉంది. ఒక్క రేణువైనా కరగలేదు!

అర్థమైందా? ఆమ్లం మరకను ముట్టుకోనేలేదు. మరక కింద ఉన్న పెంకును తినేసింది. నిలబడడానికి చోటు లేక మరక రాలిపోయింది. రెండో పెంకును చూడండి. ఒకటి రెండు చోట్ల కాస్త నలుపు మిగిలి ఉండవచ్చు. కాని పెంకు పెంకులాగే ఉంది.

యాసిడ్ లెక్క

మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌లో సాధారణంగా ఉండేది హైడ్రోక్లోరికామ్లం. రసాయనశాస్త్రం లెక్క ప్రకారం 73 గ్రాముల హైడ్రోక్లోరికామ్లం 100 గ్రాముల కాల్షియం కార్బనేట్‌ను కరిగించేస్తుంది. సీసాలో ఒక లీటరు ద్రవం, అందులో నూరు గ్రాముల ఆమ్లం ఉన్నాయనుకుందాం. అది పూర్తిగా పనిచేస్తే దాదాపు 137 గ్రాముల రాయి మాయమవుతుంది. ఆ యాసిడ్‌ను ఒక చదరపు మీటరు గోడమీద సమంగా పోశామనుకోండి. ఇరవయ్యో వంతు మిల్లీమీటరు మందం రాయి పోతుంది.

"ఇంతేనా! కాగితమంత కూడా లేదే!" అంటారా? అక్కడే ఉంది కిటుకు. రాతికి మెరుపునిచ్చేది దాని నున్నటి పైతలమే. అద్దాన్ని గరుకు కాగితంతో రుద్దితే పోయేది ఎంత మందం? కాని ఇక దానిలో ముఖం కనిపిస్తుందా? పైగా యాసిడ్ సమంగా తినదు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ తిని, రాయిని గుంతలు గుంతలుగా చేస్తుంది. సందుల్లోని సిమెంటునూ కొరుకుతుంది. మిగిలిపోయిన కాల్షియం క్లోరైడ్ గాలిలోని తేమను పీల్చుకొని గోడను చెమ్మగా ఉంచుతుంది.

గుంతలు పడిన రాతిమీద ధూళి ఇంకా బాగా నిలుస్తుంది. చెమ్మ ఉన్న రాతిమీద పాచి ఇంకా తొందరగా పెరుగుతుంది. కనుక ఒక ఏడాది యాసిడ్‌తో కడిగిన గోడ మరుసటి ఏడాదికి మరింత నల్లబడుతుంది. అప్పుడు మళ్ళీ యాసిడ్! ఏటేటా సంఘం కాగితం వస్తుంది, ఏటేటా రాయి ఒక పొర తగ్గుతుంది. ఏభై కోట్ల ఏళ్ళనాటి రాయికి ఒక్క నిమిషంలో పోయిన పొర మళ్ళీ రాదు.

గ్రానైటు ఇంట్లోవాళ్ళు మాకు భయం లేదనుకోవద్దు. హైడ్రోక్లోరికామ్లం దాన్ని సున్నపురాతిలా కరిగించలేదు. కాని అందులోని నల్లటి అభ్రకంలాంటి ఖనిజాలనుంచి ఇనుమును బయటికి లాగుతుంది. ఆ ఇనుము తుప్పుపట్టి రాతిమీద పసుపు, గోధుమరంగు మచ్చలు తేలతాయి. ఇసుకరాతిలో సున్నపు జిగురు ఉంటే ఆ జిగురే కరిగి, రేణువులు ఇసుకై రాలతాయి.

ఇదంతా రాతికి జరిగే నష్టం. మనిషికి జరిగేది ఇంకా పెద్దది. యాసిడ్ ఆవిరి ఊపిరితిత్తులను మండిస్తుంది; కంట్లో పడితే చూపే పోవచ్చు. బ్లీచింగ్ పౌడర్‌తో కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. పిల్లలు ఈ సీసాలను ముట్టుకోనే కూడదు. పెద్దలైనా ఈ రెండింటినీ ఎన్నడూ కలపకూడదు.

పెద్ద ఊళ్ళు నేర్చుకున్న పాఠం

ఈ పొరపాటు మన వీధుల్లోనే కాదు, పేరుపొందిన నగరాల్లోనూ జరిగింది. స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోలో ఇళ్ళు ఎక్కువగా ఇసుకరాతివి. అక్కడ తరతరాలుగా ఇంటింటా బొగ్గు కాల్చడంతో ఊరంతా నల్లబడింది. ఆ ఊరికి పొగ పేరుమీద ముద్దుపేరు కూడా ఉంది. 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మిన పొగమంచు వేలమంది ప్రాణాలు తీశాక, 1956లో బ్రిటన్‌లో గాలి శుభ్రతకు చట్టం వచ్చింది. క్రమంగా పొగ తగ్గింది. ఇక గోడలు కడగాలన్న ఉత్సాహం పుట్టింది.

1960ల తర్వాత అక్కడ ఎన్నో భవనాలను ఇసుక చిమ్మే యంత్రాలతో గీకారు; గాఢమైన రసాయనాలతో కడిగారు. కొత్తలో అందరూ సంతోషించారు. ఏళ్ళు గడిచాక తెలిసింది: చెక్కడాల అంచులు మొద్దుబారాయి, రాతి రంగు మారింది, గరుకైన రాతిమీద పచ్చటి పాచి ఎక్కువైంది. దాంతో 1990లనాటికి నిపుణులు జాగ్రత్త నేర్పారు. కొన్ని భవనాలను కడగకుండా వదిలేయడమే మేలని చెప్పారు.

మన దేశంలో మరో దారి చూడండి. ఆగ్రాలోని తాజ్‌మహల్ పాలరాయి కూడా కాల్షియం కార్బనేటే. అది పసుపు, గోధుమరంగు తిరుగుతుంటే, పురావస్తుశాఖవారు యాసిడ్ పట్టుకోలేదు. మెత్తటి మట్టిని నీటితో కలిపి గోడకు పూసి, పైన పలుచటి పాలిథీన్ కప్పారు. మట్టి ఆరుతూ మురికిని తనలోకి పీల్చుకుంటుంది. తర్వాత శుద్ధమైన నీటితో కడిగేస్తారు. తలనొప్పికి అమ్మమ్మ శొంఠి పట్టు వేస్తుంది కదా, ఇది రాతికి వేసే మట్టి పట్టు! అంతటితో ఆగలేదు. 1996 డిసెంబరు 30న సుప్రీంకోర్టు, తాజ్ చుట్టుపక్కల బొగ్గు, కోక్ కాల్చే పరిశ్రమలు సహజవాయువుకు మారాలనీ, లేదా వేరేచోటికి తరలిపోవాలనీ తీర్పు చెప్పింది. మరకను కడగడం ఒక ఎత్తు. మరక వచ్చే దారిని మూయడం మరో ఎత్తు.

మరి గోడను కడిగేదెలా?

మళ్ళీ మన కాలనీలోని ఇంటికి వద్దాం. తాత, కొడుకు, మనుమరాలు కలిసి ఎలా కడగవచ్చో చూడండి. ఎత్తు ఎక్కే పని పెద్దలది. చూసి, పరీక్షించి, రాసిపెట్టే పని పిల్లలది.

ముందు ప్రతి బండనూ వేలి కణుపుతో తట్టి చూడాలి. డొల్లగా మోగితే ఆ బండ గోడనుంచి విడిపోయిందన్నమాట. దాన్ని మేస్త్రీ సరిచేసేదాకా ముట్టుకోకూడదు.

తర్వాత, ఎవరికీ కనిపించని మూల అరచేతి వెడల్పు చోటును ఎంచుకొని కడిగి చూడాలి. తడిమీద అన్ని రాళ్ళూ అందంగానే ఉంటాయి. పూర్తిగా ఆరాక, ఒకటి రెండు రోజులు ఆగి చూస్తేనే నిజం తెలుస్తుంది.

బొగ్గుపొడికి, బూడిదకు ముందు పొడిబ్రష్షు, తర్వాత నీళ్ళు, ఆపైన కాస్త మెత్తటి సబ్బునీళ్ళు చాలు. సబ్బునీళ్ళు పెట్టేముందు గోడనంతా, ముఖ్యంగా కిందిభాగాన్ని మామూలు నీటితో తడపాలి. లేకపోతే పైనుంచి కారిన మురికినీటిని కిందనున్న పొడిరాయి పీల్చేసుకుంటుంది. చివరకు పైనుంచి కిందికి శుభ్రంగా కడగాలి. ఇనుప తీగల బ్రష్షు పనికిరాదు. అది రాయిని గీస్తుంది. దాని తునకలు రాతిలో ఇరుక్కుని తుప్పుపడతాయి.

సజ్జ కింది నల్ల అట్టకు మందు ఓపిక. ఒక లీటరు నీటిలో జిప్సం రెండు గ్రాములకు పైగా కరుగుతుంది. సున్నపురాయి అయితే శుద్ధమైన నీటిలో ఒక గ్రాములో వందోవంతుకు కాస్త ఎక్కువ మాత్రమే కరుగుతుంది. చూశారా తేడా! అంటే మామూలు నీరే రాయిని వదిలి అట్టను కరిగించగల తెలివైన మందు. తడి గోనెసంచులను అట్టమీద కొన్ని గంటలు ఆనించి ఉంచి, మెత్తబడ్డాక పీచుబ్రష్షుతో మెల్లగా తోమాలి. ఒక్కసారికి పోకపోతే మళ్ళీ చేయాలి. యాసిడ్ అలా కాదు. అట్టనొదిలి కింది సున్నపురాతిని పట్టుకుంటుంది.

పాచిని చెక్కముక్కతో గీకి, బ్రష్షుతో తోమాలి. కాని ట్యాంకు పొర్లడం ఆగకపోతే వచ్చే వానాకాలానికి అది తిరిగి వస్తుంది. అంచేత ముందు నీరు కారే చోటును బాగుచేయాలి.

తుప్పుచారకు ముందు ఊచలకు రంగు వేయాలి. బట్టమీది తుప్పు మరకకు నిమ్మరసం రాస్తాం కదా అని సున్నపురాతిమీద రాయకూడదు. తుప్పుకు బదులు తెల్లటి మచ్చ మిగులుతుంది. నిపుణులు దీనికి ఆమ్లం కాని సోడియం సిట్రేట్‌ను మెత్తటి సుద్దపొడిలో కలిపి పట్టు వేస్తారు. అది ఇనుమును పట్టుకొని పైకి లాగుతుంది.

తెల్లటి చౌడును మాత్రం నీళ్ళతో కడగకూడదు. ఉప్పు కరిగి మళ్ళీ రాతిలోకే పోతుంది. పొడిబ్రష్షుతో దులిపి, పొడిని ఎత్తి పారేయాలి. చెమ్మ ఎక్కడినుంచి ఎక్కుతోందో వెతకాలి.

ఇవన్నీ చేశాక కూడా బొగ్గు ఊళ్ళో ధూళి పడుతూనే ఉంటుంది. బొగ్గు లారీలమీద టార్పాలిన్లు కప్పడం, దారులమీద నీళ్ళు చల్లడం, చెట్లు పెంచడం, చిమ్నీ యంత్రాలను సరిగా పనిచేయించడం అవసరమయ్యేది ఇందుకే. ఇవి ఒక్క ఇంటివారు చేయగలిగిన పనులు కావు. గోడలు కడగమని కాగితం పంచగల సంఘం, ధూళి తగ్గించమని కూడా ఒక కాగితం రాయగలదు కదా!

మన ఇంటాయన నాలుగు రోజులు ఓపికగా గోడ కడిగాడు. యాసిడ్ సీసాలను దుకాణంలో తిరిగి ఇచ్చేశాడు. దసరా ముందురోజు సంఘం పెద్దమనిషి వచ్చి చూశాడు. "బాగుంది గాని, సజ్జ కింద ఇంకా కొంచెం నలుపు కనబడుతున్నదే?" అన్నాడు.

తాత నవ్వాడు. "ఉండనీయి సారూ! మరక ఉంటే మళ్ళ కడుగుకుంటం. రాయి పోతే ఏడనుంచి తెస్తం?"

ఈసారి మీ బడి గోడమీదో, గుడి మెట్లమీదో మరక కనిపిస్తే దగ్గరికి వెళ్ళి చూడండి. అది ఎక్కడినుంచి వచ్చింది? దాని కింది రాయి ఏ జాతిది? తెల్లగుడ్డ, ఇనుప మేకు, నిమ్మచుక్క ఏం చెబుతున్నాయి? మీ పుస్తకంలో రాసుకోండి. ఎవరైనా యాసిడ్ సీసాతో వస్తుంటే, గుడ్డు పెంకు సాక్ష్యం మరిచిపోకుండా చెప్పండి.